కొత్త తేనెటీగను వర్ణించాలంటే తేడాలు చెబితే చాలదు

కొత్త తేనెటీగ జాతిని ప్రకటించే పరిశోధన వ్యాసాల్లో శరీర వర్ణన అనే భాగం ఒకటి ఉంటుంది. తల ఎంత వెడల్పు, హనువులకు, అంటే దవడలకు, ఎన్ని పళ్ళు, వీపు మీది గుంటలు ఎంత దట్టం, పొట్ట కింది వెంట్రుకలు ఏ రంగు అని వరుసగా చెప్పుకుంటూ పోయే రెండు మూడు పేజీలవి. చదివేవాళ్ళలో చాలామంది ఆ పేజీలను తిప్పేసి పేరు, ఫోటో, దొరికిన ఊరు చూసుకుంటారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఈమధ్య రాసేవాళ్ళు కూడా ఆ పేజీలను తగ్గించుకుంటూ వస్తున్నారు, అచ్చువేసేవాళ్ళు తగ్గించమని అడుగుతున్నారు. ఈ ధోరణి సరైనది కాదని, కొత్త జాతి విషయంలో శరీర వర్ణనే అసలు వ్యాసమని, మిగిలినదంతా దానికి తోడు మాత్రమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను. నరసన్నపేట, టెక్కలి మధ్య పల్లెల్లో వరి గట్ల మీదా మెట్ట చేలల్లోనూ వేసే కంది పూత మీద వాలే ఒక చిన్న ఆకుకోత తేనెటీగను మా విద్యార్థులూ నేనూ కొన్నేళ్ళుగా గమనిస్తున్నాం. అది మెగాకైలీ అనే ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, చెందినది. మన దేశం నుంచి ఆ ప్రజాతిలో వర్ణించిన జాతుల్లో దేనితోనూ అది పూర్తిగా సరిపోవడం లేదు. అందుకని దాన్ని కొత్త జాతిగా వర్ణిస్తూ వ్యాసం సిద్ధం చేసి ఒక పత్రికకు పంపాం. సమీక్షకులలో ఒకరు, దగ్గరి జాతుల నుంచి వేరుచేసే నాలుగైదు లక్షణాలు, డీఎన్ఏ బార్‌కోడు (జాతిని గుర్తుపట్టడానికి చదివే చిన్న డీఎన్ఏ ముక్క), మంచి ఫోటోలు ఉంటే సరిపోతుందని, మిగిలిన వర్ణనంతా తీసేయవచ్చని సూచించారు. ఆ సూచన మర్యాదగానే చేశారు, కారణాలూ చెప్పారు. ఆ కారణాలతో నేను ఏకీభవించలేకపోయాను. పెట్టబోయే పేరును మాత్రం ఇక్కడ రాయను. కొత్త పేరు మొదటిసారి కనిపించవలసింది వర్ణనతో పాటు అచ్చయ్యే వ్యాసంలోనే. ముందే బయటపడ్డ పేరు తర్వాత పనిచేసేవాళ్ళకు చిక్కులు తెచ్చిపెడుతుంది.

తేనెటీగ అనగానే మనకు చెట్టు కొమ్మకు వేలాడే పట్టే గుర్తుకొస్తుంది గానీ, ప్రపంచంలో ఇప్పటిదాకా వర్ణించిన 20,000కు పైగా తేనెటీగ జాతుల్లో తేనె కూడబెట్టేవి బహు కొద్ది. మన దేశంలో ఉన్న 700కు పైగా జాతుల సంగతీ అంతే. ఎక్కువ జాతుల్లో ఒక్కో ఆడది తన గూడు తానే కట్టుకుని, పుప్పొడీ మకరందమూ కలిపిన ముద్ద మీద గుడ్డు పెట్టి, గది మూసి, మరో గది మొదలుపెడుతుంది. మెగాకైలీ ఆడవి బతికే తీరూ ఇదే. తేనెటీగలు కందిరీగలకు దగ్గరి చుట్టాలు. ఎదురుగా పెట్టుకుని చూస్తే తేనెటీగ ఒంటి మీద ఎక్కడో ఒకచోట కొమ్మలుగా చీలిన వెంట్రుకలు కనిపిస్తాయి, కందిరీగ వెంట్రుకలు చీలవు. ఇంత పెద్ద గుంపును వేరుచేసే గుర్తు కూడా కంటితో చూసి మాటల్లో చెప్పగలిగినదే కావడం గమనించదగ్గది.

వర్ణన తలతో మొదలవుతుంది. మెగాకైలీ తలలో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన భాగం ఆడదాని హనువు. మా తేనెటీగ హనువును స్టీరియో మైక్రోస్కోపు కింద 40 రెట్లు పెద్దది చేసి ముందు నుంచి చూస్తే నాలుగు పళ్ళు కనిపిస్తాయి. కింది కొన నుంచి లెక్కపెడితే మొదటి పంటికీ రెండో పంటికీ మధ్య ఉన్నది ఖాళీ సందు. రెండో పంటికీ మూడో పంటికీ మధ్య ఒక పలుచని అంచు లోపలి వైపు నుంచి మొదలై సగంలో ఆగిపోతుంది. మూడో పంటికీ నాలుగో పంటికీ మధ్య ఆ అంచు సందునంతా మూసేస్తుంది. వెలుతురు పక్క నుంచి పడితే ఆ అంచు తేనెరంగులో, దాదాపు పారదర్శకంగా మెరుస్తుంది. నేరుగా పై నుంచి పడితే అసలు కనిపించదు. కత్తెర అలగులా పనిచేసేది ఈ అంచే. దీనితోనే ఆడది ఆకు అంచు నుంచి గుండ్రని ముక్కా, పొడవాటి ముక్కా కోసుకుని, కాళ్ళ మధ్య ఇరికించుకుని, కన్నంలోకి తీసుకుపోయి గదులకు గోడలుగా చుడుతుంది.

ఇదే ప్రజాతికి చెందిన మెగాకైలీ లనాటాను దీని పక్కన పెట్టండి. 1775లో ఫాబ్రీషియస్ అనే కీటక శాస్త్రవేత్త వర్ణించిన ఆ తేనెటీగ మన పెంకుటిళ్ళ గుమ్మాల కన్నాల్లోనూ, గోడ బీటల్లోనూ మట్టితో గూడు కట్టుకుంటుంది. దాని హనువుకు పళ్ళున్నాయి గానీ పళ్ళ మధ్య కోత అంచు లేదు. అది ఆకు కోయదు, కోయలేదు కూడా. అంటే హనువు వర్ణన సరిగా రాస్తే, ఆ జాతి గూడును ఎవరూ చూడకముందే ఆ గూడు దేనితో కట్టి ఉంటుందో ఊహించడానికి ఆధారం దొరుకుతుంది. ‘హనువుకు నాలుగు పళ్ళు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఆ ఆధారం పోతుంది.

ఇది కేవలం పుస్తకాల విషయం కాదు. మా విద్యార్థిని ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారు తమ చేలో కంది ఆకుల అంచులు గుండ్రంగా తెగి ఉండడం చూపించి, “మాస్టారండీ, ఆకులు ఇలా కోసీస్తంది ఇదేనండి. మందు కొట్టీమంటారా?” అని అడిగారు. ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. ఆకు తెగితే పంటకు పురుగు పట్టిందనుకోవడం సహజం. అదే ఆడదాన్ని తిప్పి పొట్ట కింద చూపించాం. తుట్టె తేనెటీగలు పుప్పొడిని వెనక కాళ్ళ మీద మోస్తే, మెగాకైలీ కుటుంబానికి చెందినవి ఉదరం అడుగున ఉన్న గుబురు వెంట్రుకల్లో మోస్తాయి. కంది పువ్వులో కేసరాలూ కీలాగ్రమూ కింది రేకుల జంటలో దాగి ఉంటాయి. కాస్త బరువైన తేనెటీగ ఆ రేకుల మీద వాలి కిందికి నొక్కినప్పుడు అవి బయటికొచ్చి ఈగ పొట్ట అడుగును తాకుతాయి. పుప్పొడి మోసే చోటూ, పువ్వు తాకే చోటూ ఒకటే. కంది చాలావరకు తన పుప్పొడితోనే కాయ కాస్తుంది, నిజమే. కానీ ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు చేరడం కూడా గణనీయంగా జరుగుతుంది, ఆ పని చేసేది తేనెటీగలే. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో తయారై 1991లో విడుదలైన మొదటి సంకర కంది ఐసీపీహెచ్ 8 విత్తనోత్పత్తి కూడా పుప్పొడిని కీటకాలు మోయడం మీదనే ఆధారపడింది. ఇక ఆకు సంగతంటారా, ఈ ఈగ ఆకును తినదు, గూటికి పట్టుకుపోతుందంతే. హనువూ, పొట్ట వెంట్రుకలూ ఒకే వర్ణనలో పక్కపక్కన ఉన్నప్పుడే ఆ రైతుకు చెప్పవలసిన జవాబు పూర్తవుతుంది. డీఎన్ఏ బార్‌కోడు జాతి పేరు చెప్పగలదు గానీ, ఈ జవాబు చెప్పలేదు.

తలలో మిగిలిన భాగాల గురించీ, రెక్కలూ కాళ్ళ గురించీ క్లుప్తంగా చెబుతాను. వెడల్పు కన్నా పొడవు ఎక్కువైన పై పెదవి ఈ కుటుంబమంతటికీ ఉమ్మడి లక్షణం. స్పర్శశృంగాలకు ఆడదానిలో 12 ఖండాలు, మగదానిలో 13 ఉండడం తేనెటీగల్లో చాలావాటికి సాధారణం. ముందు రెక్క ఈనెల మధ్య రెండు ఉపాంత గదులుండడం, గోళ్ళ మధ్య మెత్తని దిండు లేకపోవడం మెగాకైలీని గుర్తించడానికి పనికొస్తాయి గానీ, ఆ ప్రజాతిలో ఒక జాతిని ఇంకో జాతి నుంచి వేరుచేయడానికి పనికిరావు. అయినా ఇవన్నీ వర్ణనలో రాశాం. కారణం తర్వాత చెబుతాను.

ఎక్కువసేపు ఆగవలసింది పైపొర మీది గుంటల దగ్గర. తేనెటీగ కవచం నున్నగా ఉండదు, దాని నిండా వెంట్రుకల మొదళ్ళ దగ్గర చిన్న చిన్న గుంటలుంటాయి. వాటి లోతు, వ్యాసం, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం, ఆ మధ్య జాగా మెరుస్తోందా, సన్నని గీతలతో మసకగా ఉందా అన్నవి జాతి నుంచి జాతికి మారతాయి. దూరాన్ని మిల్లీమీటర్లలో రాయరు, గుంట వ్యాసంతో పోల్చి రాస్తారు. మా తేనెటీగ క్లైపియస్ మీద, అంటే పై పెదవికి పైనున్న ముఖఫలకం మీద, గుంటల మధ్య జాగా వ్యాసంలో సగం కన్నా తక్కువ. ఆ ఫలకం కింది అంచుకు కాస్త పైన మాత్రం గుంటలే లేని ఒక సన్నని నున్నని పట్టీ ఉంది. వీపు మధ్యలో గుంటలు ఎడమై, మధ్య జాగా వ్యాసానికి ఒకటిన్నర రెట్లు అవుతుంది. పక్కలకు వెళ్ళే కొద్దీ మళ్ళీ దట్టమవుతాయి. ఇది చూడాలంటే వెలుతురు చాలా ముఖ్యం. మైక్రోస్కోపుతో వచ్చే ఎల్ఈడీ దీపం నేరుగా పడితే నల్లని కవచం మీద తెల్లని మెరుపులు తప్ప ఏమీ కనిపించవు. దీపానికీ నమూనాకూ మధ్య ట్రేసింగ్ కాగితాన్ని గొట్టంగా చుట్టి నిలబెడితే వెలుగు మెత్తబడి ప్రతి గుంట అంచూ తేలుతుంది. ఫోటో చూస్తే చాలు కదా అనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఫోటో ఒక వెలుతురులో, ఒక కోణంలో కనిపించినది మాత్రమే చూపిస్తుంది. వర్ణన రాసేవాడు నమూనాను తిప్పి తిప్పి, వెలుతురు మార్చి మార్చి చూసి, చివరకు నిజంగా ఉన్నదేదో తేల్చి రాస్తాడు.

వెంట్రుకల రంగు గురించి కూడా ఇంత శ్రద్ధ అవసరం. అప్పుడే గూడు నుంచి వచ్చిన ఆడదాని ముఖం మీద వెంట్రుకలు లేత పసుపు, ఉదరం పై ఫలకాల అంచుల్లో తెల్లని పట్టీలు, పొట్ట అడుగున తెల్లని గుబురు, చివరి ఫలకం మీద నలుపు. కొన్ని వారాలు ఎండలో తిరిగిన ఆడదానిలో ఆ పసుపు వెలిసి తెలుపవుతుంది, వీపు మీది వెంట్రుకలు రాలిపోయి కవచం బయటపడుతుంది, రెక్కల అంచులు చిరుగుతాయి. ఆకులు కోసి కోసి హనువు పళ్ళు అరిగి, నాలుగు పళ్ళకు బదులు రెండు మొండి గుబ్బలు మిగులుతాయి. మేము వర్ణించిన నమూనాల వరుసలో ఇలా అరిగిపోయినవి కూడా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టేసి కొత్తవాటినే వర్ణించమంటే, చేలో తర్వాత పట్టుకునేవాళ్ళకు దొరికేది ముసలిదైతే వాళ్ళేం చేయాలి? అందుకే అరిగిన ఆడవి ఎలా ఉంటాయో వర్ణనలో విడిగా ఒక పేరా రాశాం. సమీక్షకుడు తీసేయమన్న వాటిలో అదీ ఒకటి.

కొలతల్లో మొదట అందరూ అడిగేది ఒంటి పొడవు. కానీ తేనెటీగ ఉదర ఖండాలు ఒకదానిలోకి ఒకటి ముడుచుకోగలవు కనుక, ఎండిన నమూనాలో ఆ పొడవు మీద పూర్తిగా ఆధారపడలేం. రెక్కల మొదట ఉండే టెగ్యులా అనే చిన్న మూతలు రెండింటి మధ్య దూరం మాత్రం మారదు. ఆ దూరానికీ ఈగ పొడి బరువుకూ సంబంధం ఉందని 1987లో జేమ్స్ కేన్ చూపించాడు. ఎంత దూరం ఎగిరి మేత తెచ్చుకోగలదో అంచనా వేయడానికీ ఇప్పుడు ఆ కొలతనే వాడుతున్నారు. పొలంలో గట్లు ఎంత ఎడంగా ఉంటే ఈ ఈగ రాగలదు అన్న ప్రశ్నకు రేపు ఎవరైనా జవాబు వెతికితే, వాళ్ళకు కావలసిన కొలత వర్ణనలోనే దొరకాలి.

ఇక మగది. మెగాకైలీ మగవాటిని ఆడవాటితో జత కలపడం ఎప్పుడూ కష్టమే, అవి అంత వేరుగా ఉంటాయి. ముందు కాలి టార్సస్ (పాదం) వెడల్పుగా ఉందా సన్నగా ఉందా, కోక్సా (కాలి మొదటి ఖండం) మీద ముల్లు ఉందా, ఉదరం ఆరో పై ఫలకం మీద అడ్డంగా ఉన్న గట్టు మధ్యలో చీలిందా, దాని అంచుకు పళ్ళున్నాయా అన్నవి పై నుంచి కనిపించే గుర్తులు. అసలు గుర్తులు లోపల దాగి ఉంటాయి. ఉదరం అడుగున చివరి ఫలకాలు పైకి కనిపించకుండా లోపలికి ముడుచుకుని, జననాంగ సంపుటిని కప్పి ఉంచుతాయి. ఎండిన నమూనాను తడి ఇసుక పోసిన మూత డబ్బాలో రాత్రంతా ఉంచి మెత్తబరిచి, కొన వంచిన సన్నని సూదితో ఆ సంపుటిని బయటికి లాగుతాం. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెడితే కండరం కరిగిపోయి కవచం మాత్రం మిగులుతుంది. నీళ్ళతో కడిగి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి, పై నుంచీ కింది నుంచీ పక్క నుంచీ మూడు బొమ్మలు గీస్తాం. మా దానిలో ఎనిమిదో ఫలకం కొన గుండ్రంగా ఉంది, దాని పక్క అంచుల్లో పొట్టి వెంట్రుకలున్నాయి. సంపుటి పక్క చేతుల కొనలు కాస్త వెడల్పై, లోపలి వైపు గుబురుగా వెంట్రుకలు మొలిచి ఉన్నాయి. పని అయ్యాక ఆ భాగాలను గ్లిజరిన్ పోసిన బుల్లి గొట్టంలో వేసి, అదే నమూనా సూదికి కింద గుచ్చుతాం, ఎందుకంటే అవి విడిపోతే ఆ నమూనాకు విలువ లేదు.

ఇంత వివరం ఎందుకు అన్న ప్రశ్నకు పాత వర్ణనలే జవాబు చెబుతాయి. ఫాబ్రీషియస్ కాలంలో ఒక జాతికి కొద్ది లాటిన్ మాటలు సరిపోయేవి, ఎందుకంటే అప్పుడు తెలిసిన జాతులే తక్కువ. 1897లో బింగ్‌హామ్ బ్రిటిష్ ఇండియా కందిరీగలు, తేనెటీగల మీద అచ్చువేసిన సంపుటం మనకు ఎంతో మేలు చేసింది, మా కళాశాలలో ఇప్పటికీ దాన్ని తెరుస్తూనే ఉంటాం. అయితే అందులో మెగాకైలీ వర్ణనలు ఎక్కువగా వెంట్రుకల రంగు మీద నిలబడ్డాయి, మగదాని లోపలి ఫలకాల ఊసు లేదు. 1854లో ఫ్రెడరిక్ స్మిత్ సింహళం నుంచి వర్ణించిన, కుట్టే ముల్లు లేని చిన్న తేనెటీగ, ఇప్పటి టెట్రగోనులా ఇరిడిపెన్నిస్, ఇంకో ఉదాహరణ. ఆ గుంపులో పనికత్తెలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. ఆ చిన్న వర్ణనకు సరిపోతున్నాయి కదా అని మన దేశంలో దొరికిన రకరకాల ముల్లు లేని తేనెటీగలన్నిటికీ చాలాకాలం అదే పేరు పెట్టేశారు. ఆ ముడి విప్పడానికి మగవాటి జననాంగాలు చూడవలసి వచ్చింది. మొదటి వర్ణన రాసినవాళ్ళను నేను తప్పు పట్టడం లేదు. తమ కాలంలో తెలిసిన జాతుల నుంచి వేరుచేయడానికి ఎంత కావాలో అంత రాశారు. సరిగ్గా ఇప్పుడు మమ్మల్ని చేయమంటున్నదీ అదే. ఇవాళ తెలిసిన జాతుల నుంచి వేరుచేసే నాలుగు లక్షణాలు రాస్తే, రేపు పార్వతీపురం కొండల్లోనో మహేంద్రగిరి వాలులోనో దొరికే అయిదో జాతికి ఆ నాలుగూ ఉండవచ్చు. అప్పుడు తేడా ఎక్కడుందో చెప్పేది, ఇవాళ అందరికీ ఉమ్మడి అనుకుని కొట్టేసిన లక్షణమే కావచ్చు. పనికిరావనిపించిన వాటినీ రాశామని పైన చెప్పినది ఇందుకే.

జంతువుల పేర్లకు సంబంధించిన అంతర్జాతీయ నియమావళి అడిగేది తక్కువే. 1930 తర్వాత పెట్టిన పేరుకు, ఆ జాతిని వేరుచేసే లక్షణాలను మాటల్లో చెప్పే వర్ణన గానీ నిర్వచనం గానీ తోడుండాలి. 1999 తర్వాత అయితే హోలోటైపు (పేరుకు ఆధారంగా నిలిపే ఒకే ఒక్క నమూనా) వంటి మూల నమూనా ఏదో స్పష్టంగా చెప్పి, దాన్ని ఏ సంగ్రహాలయంలో ఉంచారో కూడా చెప్పాలి. మాటల్లో అన్న షరతు పెట్టినవాళ్ళు బొమ్మ ఒక్కటే చాలదని అప్పుడే గుర్తించారు. అయితే నియమావళి చెప్పేది పేరు చెల్లడానికి కావలసిన కనీసం. ఆ కనీసాన్నే మంచి పనికి కొలతగా తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

అవతలి వాదాన్ని తేలికగా తీసుకోకూడదు. కీటక జాతులు లక్షల్లో ఉన్నాయి, వర్ణించగలిగినవాళ్ళు కొద్దిమంది, అడవులు మన కళ్ళ ముందే తరిగిపోతున్నాయి. ఒక్కో జాతికి మూడు పేజీలు రాస్తూ కూర్చుంటే చాలా జాతులు పేరు కూడా లేకుండా పోతాయి అని వాళ్ళు అంటారు. 2021లో కోస్టారికా పరాన్న కందిరీగల మీద వచ్చిన ఒక వ్యాసం 403 కొత్త జాతులను, చాలావరకు ఒక్కో ఫోటోతోనూ డీఎన్ఏ బార్‌కోడుతోనూ ప్రకటించింది. దాని మీద పెద్ద చర్చే నడిచింది. వాళ్ళ తొందరను నేను అర్థం చేసుకోగలను. కానీ మన దేశపు తేనెటీగల పరిస్థితి అది కాదు. ఇక్కడ ఒక్కసారిగా వందల జాతులు వచ్చి పడడం లేదు. ఒకటీ రెండూ మెల్లగా వస్తున్నాయి, పాతవాటితో వాటిని పోల్చి చూడడమే అసలు చిక్కు. ఆ పాతవాటిలో చాలావాటి మూల నమూనాలు లండన్, ఆక్స్‌ఫర్డ్, కోపెన్‌హేగెన్ సంగ్రహాలయాల్లో ఉన్నాయి. వందేళ్ళు దాటిన ఆ నమూనాల నుంచి బార్‌కోడు తీయడం ప్రతిసారీ కుదరదు. మా కొత్త జాతి బార్‌కోడును దేనితో పోల్చాలో ఆ పాత జాతికి బార్‌కోడే లేకపోతే, మళ్ళీ హనువు దగ్గరికీ గుంటల దగ్గరికీ రావలసిందే.

బార్‌కోడు వద్దని నేను అనడం లేదు. 2003లో పాల్ హెబర్ట్ ప్రతిపాదించిన ఆ పద్ధతిలో చదివేది మైటోకాండ్రియాలోని ఒక జన్యువులో 658 అక్షరాల ముక్క. మగదాన్నీ ఆడదాన్నీ ఒకే జాతిగా జత కలపడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు తెలియదు, మేమూ అందుకు వాడుకున్నాం. కానీ మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. వోల్బాకియా అనే సూక్ష్మజీవి సోకిన కీటకాల్లో ఒకే రకం మైటోకాండ్రియా జాతుల హద్దు దాటి వ్యాపించవచ్చు. కేంద్రకంలో ఆ జన్యువుకు పాత నకళ్ళు ఉండి తప్పుడు ఫలితం రావచ్చు. శరీరమూ బార్‌కోడూ ఒకే మాట చెబితే ధైర్యం పెరుగుతుంది, వేర్వేరు మాటలు చెబితే ఎందుకో వెతకడానికి శరీర వర్ణన చేతిలో ఉండాలి.

మా ప్రాంతం నుంచి చూస్తే ఇంకో కారణమూ ఉంది. డీఎన్ఏ పనికి గడ్డకట్టించే ఫ్రిజ్, రసాయనాలు, డబ్బు, నిలకడైన కరెంటు కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. మామూలు రోజుల్లో కూడా ఈ తీరపు చెమ్మకు నమూనాలకు బూజు పడుతుంది. పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు, సిలికా జెల్ మార్చుకుంటూ, వర్షాకాలంలో బల్బు వెలిగించిన బీరువాలో ఆరబెట్టుకుంటూ కాపాడుకుంటాం. ఇలాంటి చోట పనిచేసే అధ్యాపకుడికీ, వ్యవసాయ విస్తరణ ఉద్యోగికీ, ఆసక్తి ఉన్న విద్యార్థికీ ఎప్పుడూ అందుబాటులో ఉండేవి 10 రెట్ల చేతి భూతద్దం, పాత మైక్రోస్కోపు, కాగితం మీది మాటలు. పూర్తి వర్ణన ఉంటే వాళ్ళు తమ చేలో దొరికిన ఈగను తామే గుర్తుపట్టగలరు. అది లేకపోతే ప్రతిసారీ నమూనాను ఎక్కడికో పంపి జవాబు కోసం ఎదురుచూడాలి.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం మన దేశంలో కొత్తగా కనుగొన్న ఏ జాతి నమూనాలనైనా ప్రభుత్వం గుర్తించిన నిక్షేపాలయానికి అప్పగించాలి. జంతువుల విషయంలో అలాంటి వాటిలో ముఖ్యమైనది జంతు సర్వేక్షణ సంస్థ. హోలోటైపు, దానితో పాటు కొన్ని పారాటైపులు (వర్ణనకు వాడిన తోటి నమూనాలు) అక్కడికే వెళతాయి, అలా వెళ్ళడమే సరైనది. మిగిలిన వాటిలో మగ, ఆడ, అరిగినది, కొత్తది కలిపి ఒక వరుసను జిల్లాలోనే, విద్యార్థులు చూడగలిగే చోట ఉంచాలని మేము అనుకుంటున్నాం. వీపు మీద కుడి పక్కన సూది గుచ్చి ఎడమ పక్కను చెక్కుచెదరకుండా ఉంచడం, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, వాలిన పువ్వు పేరు చీటీ మీద రాయడం మా పిల్లలకు ఇప్పటికే అలవాటైంది.

సమీక్షకుడికి రాసిన జవాబులో ఆయన అడిగిన వాటిలో ఒకటి ఒప్పుకున్నాం. వేరుచేసే లక్షణాలను విడిగా, వర్ణనకు ముందే, అర పేజీలో పెట్టాం. తొందరలో ఉన్నవాళ్ళకు అది చాలు. పూర్తి వర్ణనను మాత్రం ఆడదానికీ మగదానికీ ఉన్నదున్నట్టు ఉంచాం, కొలతల పట్టికను అనుబంధంలోకి కాకుండా వ్యాసంలోనే వేయమని కోరాం, ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకునే వీలు కల్పించమని అడిగాం. మగదాని ఎనిమిదో ఫలకానికి పక్క నుంచి చూసినప్పటి బొమ్మ ఒకటి కొత్తగా చేరుస్తున్నాం. అంచు వెంట్రుకలు ఎంత దూరం వరకు ఉన్నాయో ఆ కోణంలోనే తెలుస్తుంది.